పాత ఫర్నిచర్‌ను బాగుచేయించుకునేవారికి హెచ్చరిక: మెరుపు చూసి డబ్బు చెల్లించకండి

పాత చెక్క సామానుకు మరమ్మతులు చేసి పూర్వపు కళ తెప్పిస్తామని చెప్పుకునే ఒక స్థానిక దుకాణానికి మా రాతబల్లను, దానితో పాటు నాలుగు కుర్చీలను అప్పగించి నష్టపోయాను. ఆ దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి పనిలో లోపాలు ఎక్కడ దాగి ఉంటాయో చెబితే, ఏ దుకాణానికి వెళ్లేవారికైనా ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో రాస్తున్నాను.

నేను అడిగిన పని చిన్నదే. బల్ల మీద వేడి పాత్రలు పెట్టిన చోట తెల్లటి వలయాలు పడ్డాయి, ఒక సొరుగు బిగుసుకుపోయింది, రెండు కుర్చీల వెనుక కాళ్లు ఊగుతున్నాయి. పాత పాలిష్‌ను అలాగే ఉంచి ఈ మూడింటినీ సరిచేస్తామని దుకాణం వారు నోటిమాటగా ఒప్పుకున్నారు.

బల్లకు ఉన్నది లక్కను స్పిరిట్‌లో కరిగించి వేసిన పాతకాలపు పాలిష్. ఆ పొరలో తేమ చిక్కుకున్నప్పుడు తెల్లటి మరకలు ఏర్పడతాయి. చాలా సందర్భాల్లో అవి పాలిష్ పొరను దాటి చెక్క దాకా వెళ్లవు కాబట్టి, కొద్దిగా స్పిరిట్ తడిపిన గుడ్డతో తేలికగా ఒత్తి ఆ పొరను మెత్తబరిస్తే మరక పోయే అవకాశం ఉంటుంది. ఓపిక కావలసిన పనే గాని, చెక్కకు హాని చేసే పని కాదు. వారు ఆ ఓపిక చూపకుండా బల్ల పైభాగం మొత్తాన్ని శాండింగ్ మెషీన్‌తో రుద్దేశారు. ఆ పైభాగం ఒకే పలక కాదు, మామూలు చెక్క మీద మేలురకం చెక్కను పలుచటి పొరగా కోసి అతికించిన వెనీర్. ఈ రోజుల్లో కర్మాగారాల్లో కోసే వెనీర్ సాధారణంగా ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు, పాతకాలంలో రంపంతో కోసినది కొంత మందంగా ఉంటుంది. ఏదైనా సరే, మెషీన్ కింద ముందుగా అరిగిపోయేది అంచే.

ఇప్పుడు మా బల్ల కుడి అంచు దగ్గర బొటనవేలు పట్టేంత మేర చెక్క గీతలు ఉన్నట్టుండి ఆగిపోతాయి. వాటి స్థానంలో కుంచెతో దిద్దిన గోధుమరంగు మచ్చ ఒకటి ఉంది. ఎదురుగా నిలబడి చూస్తే అది కనిపించదు. దీపాన్ని పక్క నుంచి, బల్ల ఎత్తుకు దించి పట్టుకుంటే మాత్రం ఆ మచ్చ చుట్టూ మెషీన్ తిరిగిన వలయాలతో సహా బయటపడుతుంది. సామాను తిరిగి తీసుకునేటప్పుడు ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేయండి.

పైన వేసిన పాలిష్ కూడా మునుపటిది కాదు. కంటికి కనబడని మూల చూసుకుని స్పిరిట్ తడిపిన దూదితో రుద్దితే లక్క పాలిష్ కాసేపట్లో జిగురుజిగురుగా అవుతుంది, ప్లాస్టిక్‌లా గట్టిపడే పాలీయూరిథేన్ పూత మాత్రం చెక్కుచెదరదు. మా బల్ల మీద ఏ మార్పూ రాలేదు. పాలీయూరిథేన్ చెడ్డదని నేను అనడం లేదు, రోజూ నీళ్లు పడే బల్లకు అదే మంచిది. అయితే లక్క పొర మీద మళ్లీ లక్క వేస్తే పాతదానిలో కలిసిపోతుంది కాబట్టి దెబ్బతిన్నంత మేరకే సరిచేసుకోవచ్చు. పాలీయూరిథేన్ దెబ్బతింటే సాధారణంగా గీకడం తప్పదు. అంత పెద్ద మార్పు చేసేముందు యజమానిని ఒక్క మాట అడగకపోవడం నిర్లక్ష్యమే.

కుర్చీల విషయం ఇంకా తీవ్రమైనది, ఎందుకంటే వాటి మీద మనుషులు కూర్చుంటారు. వదులైన అతుకును పూర్తిగా ఊడదీసి, ఎండిపోయిన పాత జిగురును గీకివేసి, కొత్త జిగురు పూసి, అది ఆరేవరకు క్లాంపులతో బిగించి ఉంచడం సరైన పద్ధతి. వడ్రంగులు వాడే తెల్ల జిగురు తన పాత పొర మీద తానే సరిగా పట్టదు, అందుకే ఆ గీకడానికి అంత ప్రాముఖ్యం. వీరు అతుకు విప్పకుండానే సందులో జిగురు నింపి, పక్క నుంచి స్క్రూ దించి, స్క్రూ తల మీద పుట్టీ పెట్టి రంగు వేశారు. కుర్చీలో వెనక్కి వాలినప్పుడు బరువంతా పడేది సరిగ్గా అక్కడే. కొంతకాలానికే స్క్రూ దిగిన చోట నుంచి కాలు పొడవునా చీలిక వచ్చింది. కుర్చీని తిరగేసి, అతుకుల దగ్గర చెక్క గీతలు లేని గుండ్రటి మచ్చ ఏదైనా ఉంటే గోరుతో గీకి చూడండి. పుట్టీ అయితే పొడిగా రాలుతుంది.

సొరుగు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఉబ్బిన చెక్కను అప్పటికప్పుడు చిత్రిక పట్టేశారు, పొడి రోజులు వచ్చేసరికి అది లొడలొడలాడుతోంది.

అదే దుకాణంలో పని చేయించుకున్న మరికొందరితో తరువాత మాట్లాడాను. ఒకరి సోఫాలో స్ప్రింగులు, కొబ్బరి పీచు తీసేసి పలుచటి ఫోమ్ పెట్టారట, కొద్దికాలానికే అది కూర్చున్న చోట గుంటపడింది. ఫోమ్ మార్చాలన్నప్పుడు దాని డెన్సిటీ ఎంతో బిల్లు మీద రాయించుకోవాలి. 40 డెన్సిటీ అంటే ఘనమీటరుకు 40 కిలోల బరువు ఉండే ఫోమ్ అని అర్థం. మరొకరి బీరువాకు ఉన్న ఇత్తడి పిడులు తిరిగి వచ్చేసరికి పూత పూసిన ఇనుప పిడులయ్యాయి. అయస్కాంతం ఇత్తడికి అంటుకోదు, ఇనుముకు అంటుకుంటుంది, ఆవిడ అలాగే పట్టుకున్నారు. ఇంకొకరి మంచానికి పురుగు పట్టిన రంధ్రాలను మందు పెట్టకుండానే పుట్టీతో పూడ్చారని చెప్పారు. దాన్ని నేను స్వయంగా చూడలేదు. అయినా రంధ్రం అంచులు కొత్తగా, తేట రంగులో ఉండి, కింద సన్నటి పిండి రాలుతుంటే లోపల పురుగు బతికే ఉందని అనుమానించవలసిందే.

అందువల్ల సామాను ఇచ్చేముందు ఏమి చేస్తారన్నదాని కంటే ఏమి తీసేస్తారన్నది కాగితం మీద రాయించుకోండి. పాత పాలిష్, పిడులు, తాళాలు, లోపలి పీచు, చెక్క పొర, వీటిలో దేన్ని ముట్టుకోవాలన్నా మీ అనుమతి తీసుకోవాలని అందులో ఉండాలి. అడుగుభాగం, సొరుగుల వెనుక వైపు, అతుకులు కనిపించేలా ఫోటోలు తీసుకోండి. అతుకుల పని పూర్తయ్యాక, పాలిష్ వేయకముందే ఒకసారి చూపించమనండి. ఆ మాటకు ఇబ్బంది పడే దుకాణానికి పని ఇవ్వకపోవడమే మేలు. పాత రంగు వేసిన సామాను అయితే మరో జాగ్రత్త కూడా అవసరం. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, పిల్లలు తిరిగే చోట దాన్ని ఉప్పు కాగితంతో పొడిగా రుద్దనివ్వకండి.

మా సామాను పరిశీలించిన మరో వడ్రంగి, స్క్రూలు తీసి చీలికను జిగురుతో బిగించి కుర్చీలను నిలబెట్టవచ్చు గాని, బల్లకు పోయిన పొరను తిరిగి తేలేమని చెప్పాడు. దుకాణం వారిని నిలదీస్తే, ఉచితంగా మరో పూత పాలిష్ వేసి ఇస్తామన్నారు. అందుకు నేను ఒప్పుకోలేదు. పూత వేయాలంటే ముందు మళ్లీ రుద్దాలి, రుద్దడానికి ఆ అంచున ఇక పొర మిగల్లేదు.