ఐసు డబ్బా మూసేయండి, కిటికీ తెరవండి: ఓ యాభై లీటర్ల కూలర్ సంగతి

మోటార్లు వైండింగ్ చేసుకుని బతికేవాణ్ని. ఇంటికి ఏ కొత్త యంత్రం వచ్చినా వెనక మూత విప్పి లోపల చూస్తే గానీ మనసు ఊరుకోదు. ఈ వేసవికి కొన్న యాభై లీటర్ల కూలర్‌కీ ఆ మర్యాద జరిగింది. పై అంతస్తు ఇల్లు మాది. పొద్దంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఫ్యాను తిప్పితే ఆ వేడంతా నేరుగా మంచం మీదికే దిగుతుంది. గాలి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను ఒంటిని చల్లబరచకపోగా ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. ఇంట్లో పెద్దావిడ, మా అమ్మ ఉంది కాబట్టి ఏదో ఒకటి కొనక తప్పలేదు.

ముందు మోటారు. కాయిల్ రాగి తీగే. కొందరు అల్యూమినియం తీగ చుట్టి అమ్ముతారు. అది తిరగదని కాదు, తడి గాలిలో దాని జాయింట్లు త్వరగా చెడతాయి, తిరిగి చుట్టించడం కూడా తలనొప్పి. షాఫ్ట్, అంటే రెక్కలు బిగించిన ఇరుసు, పట్టుకుని ఊపి చూశాను, వదులు లేదు. ఫ్యాను రెక్కలు చేత్తో తిప్పి వదిలితే మెల్లగా, ఎక్కడా తగలకుండా ఆగాయి. మోటారు తిరగడానికి ఊపునిచ్చే చిన్న డబ్బా, కెపాసిటర్‌కు నీళ్లు చిందని చోటే ఇచ్చారు. ఎప్పుడైనా మోటారు మూలుగుతూ తిరగకపోయినా, స్పీడు తగ్గినా కొత్త మోటారు కొనమని చెప్పేవాళ్ల మాట వెంటనే వినకండి. చాలాసార్లు పోయేది ఆ కెపాసిటరే.

పంపు మాత్రం నాసిరకం. నీళ్లలో మునిగి పనిచేసే చిన్న పంపు అది, నీళ్లే దానికి చల్లదనం. ట్యాంకు అడుగంటాక కూడా తిరిగితే కాయిల్ మాడుతుంది. నీళ్లు అయిపోతే దానంతటదే ఆగే ఏర్పాటు పెట్టడానికి కంపెనీకి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ డబ్బును రిమోట్ మీద పెట్టారు. మాకు వచ్చిన పంపు ఎండలు ముదిరేలోపే పోయింది. సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తే రేపంటారు, ఎల్లుండంటారు. నేనే వేరేది తెచ్చి బిగించాను.

ఇక అట్టపెట్టె మీద అందరికంటే పెద్ద అక్షరాలతో గొప్ప చెప్పుకున్నది ఐసు డబ్బా గురించి. పైన చిన్న అర, అందులో ఐసు ముక్కలు వేస్తే మంచుగాలి వస్తుందట. లెక్క చూడండి. లీటరు నీళ్లు ఆవిరైతే గాలి నుంచి దాదాపు 2400 కిలోజౌళ్ల వేడిని లాక్కుంటాయి. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్లు చాలు. అంటే ఏడో వంతు. పైగా ఆ ఐసు గడ్డకట్టించిన ఫ్రిజ్ అంతకంటే ఎక్కువ వేడిని వంటింట్లోకి వదిలి ఉంటుంది. వేసిన కాసేపు మొహానికి హాయిగా ఉంటుంది, కాదనను. ఆ కాసేపటి కోసం మా ఆవిడ ఫ్రీజర్ అంతా ఐసు ట్రేలతో నింపడం మొదలుపెట్టింది, నేను ఆపించాను.

నిజంగా పని చేసేది ప్యాడ్లు. దీనికి మూడు వైపులా తేనెపట్టు తరహా అట్ట ప్యాడ్లు ఉన్నాయి. పాతకాలపు చెక్క పీచు ప్యాడ్ల కంటే ఇవి నీళ్లను సమంగా పట్టి ఉంచుతాయి, ఎక్కువ కాలం వస్తాయి. పంపు వేసి, పది నిమిషాలాగి వెనక గ్రిల్లు మీద వేళ్లు పెట్టి చూశాను. పైనుంచి కింది దాకా తడిసింది, ఒక మూల తప్ప. నీళ్లు పోసే సన్న గొట్టంలో ఆ మూల రంధ్రానికి ప్లాస్టిక్ పొట్టు అడ్డం పడి ఉంది. పిన్నీసుతో తీస్తే సరిపోయింది. పొడిగా మిగిలిన చోటు నుంచి వేడిగాలి వేడిగానే లోపలికి దూరుతుంది కాబట్టి ఈ పరీక్ష ఎవరికైనా అవసరమే.

తేమ సంగతి అమ్మేవాడు చెప్పడు. గాలి 40 డిగ్రీలుండి తేమ 20 శాతమే ఉంటే మంచి ప్యాడ్ల గుండా వచ్చే గాలి 26 దగ్గరికి దిగుతుంది. అదే గాలి 35 డిగ్రీలుండి తేమ 70 శాతం ఉందనుకోండి, 31 కంటే దిగడం కష్టం. గాలి అప్పటికే తడిగా ఉంటే నీళ్లు ఆవిరవడానికి చోటుండదు. ఉక్కపోత ఊళ్లలో ఉండేవాళ్లు ఈ డబ్బు దాచుకుని ఏసీ కొనుక్కోవడమే నయం. మబ్బు పట్టిన సాయంత్రాల్లో నేనైతే పంపు ఆపేసి ఉత్త ఫ్యానుగా వాడతాను. ఎండ మండే రోజు ట్యాంకు గబగబా ఖాళీ అవుతుంటే కంగారు పడకండి, నీళ్లు తగ్గుతున్నాయంటే పని జరుగుతున్నట్టే.

ఇంత మంచి కూలర్ కొని కూడా "చల్లగా లేదు, ఒళ్లంతా జిగట" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ఇంటికి వెళ్లి చూస్తే తలుపులు, కిటికీలు అన్నీ బిగించి ఉంటాయి. ఏసీ అలవాటు. ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, మూసుకోవాలి. కూలర్ ఎప్పటికప్పుడు కొత్త గాలి లాగి తడిపి పంపుతుంది, ఆ తడిగాలికి బయటికి దారి కావాలి. కూలర్ వీపు ఒక కిటికీకి ఆనించి, ఎదురుగా ఇంకో కిటికీ సగం తెరిచాను. ఆ కిటికీలో ఒక దారం ముక్క వేలాడదీస్తే బయటివైపు ఊగాలి. ఊగకుండా నిలబడిందంటే ఇంకొంచెం తెరవాలి. మంచం ఈ రెంటి మధ్య దారిలో ఉండాలి. మొదట్లో అమ్మ "కిటికీ తీస్తే వడగాలి లోపలికి రాదట్రా?" అని గొడవ చేసింది. దారం బయటికి ఊగడం చూపించాక ఊరుకుంది.

కరెంటు దగ్గర మాత్రం చనువు వద్దు. నీళ్లు, మోటారు ఒకే డబ్బాలో ఉన్నాయి. మూడు పిన్నుల ప్లగ్గు, పనిచేసే ఎర్తింగ్, బోర్డులో కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ యాంపుల లీకేజీ బ్రేకరు, ఈ మూడూ ఉంటేనే కూలర్ కొనండి. నీళ్లు పోసేటప్పుడు, తుడిచేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. తడి చేతులతో ముట్టుకుని షాక్ తిని, కూలర్‌ను రిపేరుకు మోసుకొచ్చినవాళ్లను నా షాపులో చూస్తూనే ఉంటాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

వారానికోసారి ట్యాంకు పూర్తిగా వంచి కడగాలి. నీళ్లు ఆవిరవుతాయి గానీ అందులోని ఉప్పు ఎక్కడికీ పోదు, ట్యాంకులోనే చిక్కబడి ప్యాడ్ల మీద తెల్లగా పేరుకుంటుంది. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా ఎదగడానికీ ఈ వేడిలో దాదాపు వారమే పడుతుంది, దానికి కూలర్ ట్యాంకు కంటే మంచి చోటు లేదు. ఈ కూలర్‌కు అడుగున నీళ్లు వదిలే బిరడా పెట్టారు గానీ, అది అసలు అడుగుకు రెండు వేళ్ల పైన ఉంది. మిగిలిన నీళ్లు గుడ్డతో పిండాల్సిందే. చక్రాలు ఖాళీగా ఉన్నప్పుడు బాగానే దొర్లుతాయి. నిండా పోస్తే యాభై కిలోల నీళ్లే, గడప దాటించబోతే చక్రం కాడ వంగుతుంది.

మోటారుకు, ప్యాడ్లకు మంచి మార్కులే వేస్తాను. పంపు, బిరడా, ఐసు డబ్బా ఫెయిల్. కొనేవాళ్లు ఇంకో పంపు ముందే తెచ్చి పెట్టుకోండి, అది పోయేది ఎండల్లోనే, అప్పుడు మా షాపుల్లో వరస ఉంటుంది.