బరోలో వైన్: పెద్ద పీపాదా, చిన్న పీపాదా? ఏది మేలు?

1983లో ఇటలీ వాయవ్య మూలన, లా మోర్రా అనే కొండ ఊళ్లో ఎలియో అల్తారే అనే యువ రైతు చైన్ సా పట్టుకుని తండ్రి గిడ్డంగిలోకి దిగాడు. అక్కడున్న పాత పెద్ద పీపాల్ని కోసి పారేశాడు. వాటి బదులు ఫ్రాన్స్ పద్ధతిలో చిన్న ఓక్ పీపాలు తెస్తానన్నాడు. తండ్రి కొడుక్కి ఆస్తిలో వాటా లేకుండా చేశాడు.

అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నట్టే ఉంటుంది ఈ కథ. కాకపోతే ఇక్కడ దుత్తలో కూడా లోపం ఉంది. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

పియెమోంటే ప్రాంతంలో, కూనియో జిల్లాలోని 11 ఊళ్ల పరిధిలో, నెబ్బియోలో అనే ఒకే ద్రాక్షతో చేస్తేనే దాన్ని బరోలో అనాలి. ఈ ద్రాక్ష తొందరగా చిగురిస్తుంది, ఆలస్యంగా పండుతుంది. పొగమంచు కమ్మే అక్టోబర్ దాకా గుత్తులు తీగ మీదే ఉండాలి. అందుకే దక్షిణం వైపు ఎండ తగిలే వాలు దీనికి కావాలి. చలికాలంలో మంచు ముందుగా ఎక్కడ కరుగుతుందో చూసి అక్కడ నెబ్బియోలో నాటాలని పాతకాలం రైతుల లెక్క. మిగతా చోట్ల బర్బేరా, దొల్చెత్తో అనే వేరే ద్రాక్షలు.

ఈ వైన్ రంగు చూస్తే పల్చన, నోట్లో పోసుకుంటే మాత్రం పులుపూ వగరూ దండిగా. మనకు ‘వగరు’ అనే మాట ఉండటం ఇక్కడ పెద్ద సౌకర్యం. నేరేడు పళ్లు గుప్పెడు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉంటుందే, అదే. ఈ వగరును ఎలా లొంగదీయాలన్నదే పీపాల గొడవంతా.

పాత పద్ధతివాళ్లు ఓపికను నమ్ముకున్నారు. తొక్కల్ని మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, రసంలో ఊరనిస్తారు. తేలే తొక్కల్ని చెక్కలు అడ్డం పెట్టి లోపలే ముంచి ఉంచేవాళ్లూ ఉన్నారు. తర్వాత క్రొయేషియాలోని స్లవోనియా ప్రాంతపు ఓక్‌తో చేసిన ‘బొత్తె’ అనే పెద్ద పీపాలో ఏళ్ల తరబడి ఉంచుతారు. దాంట్లో వేల లీటర్లు పడతాయి, దశాబ్దాలు వాడతారు. కాబట్టి చెక్క వాసన దాదాపు దిగదు. సందుల్లోంచి కొద్దికొద్దిగా అందే గాలితో వగరు నిదానంగా మెత్తబడుతుంది.

కొత్తవాళ్లకు అంత సమయం లేదు. గిరగిరా తిరిగే ట్యాంకుల్లో తొక్కల్ని కొద్ది రోజులే ఊరబెట్టి తీసేసి, ‘బరీక్’ అనే 225 లీటర్ల చిన్న పీపా‌లో పోశారు. ఇక్కడ చిన్న లెక్క చూడండి. ఆకారం ఒకటే అనుకుంటే, 5,000 లీటర్ల పీపా కన్నా 225 లీటర్ల పీపాలో ప్రతి లీటరు వైన్‌కీ తగిలే చెక్క దాదాపు 2.8 రెట్లు. పైగా చెక్క కొత్తది, లోపలి వైపు మంటకు కాల్చింది. రంగు నిలబడుతుంది, వెనిల్లా వాసన దిగుతుంది, నాలుగైదేళ్లకే తాగడానికి వీలుగా తయారవుతుంది. విదేశాల్లో బాగా అమ్ముడుపోయింది కూడా.

దీనికి మండిపడ్డవాళ్లలో ముందుండేది పాత పద్ధతిలో బరోలో చేసే బార్తోలో మస్కరెల్లో. ఆయన తన సీసాల మీద చేత్తో బొమ్మ గీసి ‘బరీక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు’ అని రాశాడు. బెర్లుస్కోనీ అంటే ఇటలీ రాజకీయ నాయకుడు. వైన్ లేబుల్ మీద ఇంత సూటి రాజకీయం నాకు ఇంకెక్కడా తగల్లేదు.

మరి ఏది మేలు? నా ఓటు పెద్ద పీపాకే. నెబ్బియోలోలో గులాబీ, తారు కలిసిన ఒక వాసన ఉంది. విని ముఖం చిట్లించకండి, గ్లాసులో బాగుంటుంది. కొత్త చెక్క ఎక్కువైతే ఆ వాసన వెనిల్లా కింద అణిగిపోతుంది. అప్పుడు అది ఏ దేశపు ఖరీదైన వైనైనా కావచ్చు. అదీ కాక, వగరు తొక్కలోనే దండిగా ఉన్న ద్రాక్షకు చెక్క నుంచి మరికొంత వగరు చేర్చడం ఎందుకు?

అయితే అల్తారే తరం చేసింది తప్పని నేను అనను. ఆ రోజుల్లో పాత పీపాలు చాలాచోట్ల శుభ్రంగా ఉండేవి కావు. పాడైన వాసనను ‘ఇదే మా సంప్రదాయం’ అని సరిపెట్టుకునేవాళ్లు. ఆ కుర్రాళ్లు గిడ్డంగి కడగడం నేర్పారు. తోటలో ఇంకా పెద్ద పని చేశారు. వేసవిలోనే కొన్ని పచ్చి గుత్తుల్ని కోసి నేల మీద పడేశారు, మిగిలినవి బాగా పండాలని. పేదరికం చూసిన తండ్రులకు అది పాపంలా కనిపించింది. పేరు పీపాకు వచ్చింది కానీ, బరోలోని మార్చింది ఆ కత్తెరే అని నాకనిపిస్తుంది.

ఇప్పుడా గొడవ చాలావరకు చల్లారింది. ఎండలు పెరిగి ద్రాక్ష మునుపటి కన్నా బాగా పండుతోంది, వగరు దానంతటదే మెత్తబడుతోంది. చిన్న పీపాలతో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది పెద్దవాటికో, 500 లీటర్ల మధ్యరకానికో మారారు. పెద్ద పీపావాళ్లూ శుభ్రత విషయంలో పాతకాలంలో లేరు.

కొనేటప్పుడు ఒక చిక్కుంది. కోతకొచ్చిన ఏడాది నవంబర్ 1 నుంచి లెక్కపెట్టి 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్కలో ఉండాలి అని చట్టం చెబుతుంది. ఇంకా ఎక్కువ కాలం ఉంచే ‘రిజర్వా’ రకమైతే మొత్తం 62 నెలలు. పీపా సైజు మాత్రం చెప్పదు. లేబుల్ మీద కూడా సాధారణంగా ఉండదు. తయారుచేసినవాళ్ల పేరు చూసి తెలుసుకోవాల్సిందే. ఊరు చూసినా కొంత తెలుస్తుంది. లా మోర్రా వైపువి కాస్త మెత్తన, సెర్రలుంగా ద’ల్బా వైపువి గట్టివి, ఎక్కువ కాలం ఆగాల్సినవి.

పదేళ్లు దాచుకునే ఓపిక ఉంటే సెర్రలుంగా, అదీ పెద్ద పీపాది. ఈ వారాంతమే తెరవాలంటే లా మోర్రాది తీసుకుని, తాగడానికి రెండు మూడు గంటల ముందే జగ్గులోకి వంపి పెట్టండి. ఈ రాత్రికే కావాలి, జేబు కూడా చూసుకోవాలి అంటే బరోలో మాట వదిలేసి అదే కొండల ‘లాంగె నెబ్బియోలో’ అడగండి. ద్రాక్ష అదే, కానీ అన్ని నెలలు చెక్కలో ఆగాలన్న షరతు దానికి లేదు.