ఎల్లోనైఫ్ దాటి చేపల వేటకు: మూడు రాత్రుల ప్యాకేజీ, నాలుగో రాత్రి గాలి ఖాతాలో

నీళ్ళ మీద వాలే చిన్న విమానం ఎక్కే ముందు సామాన్లతో పాటు మనుషుల్నీ తూకం వేస్తారు. మా బావమరిది త్రాసు దిగి, "పెళ్ళిచూపుల్లో కూడా నన్నింత పరీక్షగా చూడలేదు బావా" అన్నాడు. మనిషికి 50 పౌండ్ల సామాను అన్నారు, నా బ్యాగు నాలుగు పౌండ్లు ఎక్కువ తూగింది. తెరిచి చూస్తే చింతపండు, కారం, రెండు కిలోల సోనామసూరి. వాటి మీదికి చెయ్యి పోలేదు. రెండు జీన్స్ ప్యాంట్లు, ఒక జత బూట్లు తీసి అక్కడి షెడ్డులో వదిలేశాను.

మేం ఉండేది కెనడాలోని ఎడ్మంటన్‌లో. అక్కడి నుంచి ఉత్తరాన ఉన్న ఎల్లోనైఫ్‌కి విమానంలో రెండు గంటల లోపే. కారులో అయితే దాదాపు 1,450 కిలోమీటర్లు. 2012లో మెకంజీ నది మీద డే చో వంతెన వచ్చాక ఫెర్రీ కోసం పడిగాపులు లేవు కానీ, రోడ్డు మీద అడవి దున్నలు తాపీగా నిలబడి ఉంటాయట, రాత్రి నడపొద్దని తెలిసినవాళ్ళు చెప్పారు. జులై మధ్యలో అక్కడ రాత్రి అనేది పేరుకే. పదకొండు దాటాక సూర్యుడు దిగుతాడు, నాలుగున్నరకల్లా మళ్ళీ హాజరు. కళ్ళకు కట్టుకునే గుడ్డ తీసుకెళ్ళండి, ఏ బస అయినా సరే.

ఎల్లోనైఫ్‌లో రెండు రోజులున్నాం. పాత ఊరి వైపు ఒక ఇంట్లో గది తీసుకున్నాం: శుభ్రంగా ఉంది, వంటగది వాడుకోనిచ్చారు. హోటల్ కంటే చవకే గానీ, ఈ ఊళ్ళో చవక అంటే ఎడ్మంటన్‌లో ఖరీదని అర్థం. ఎదురుగా నీళ్ళ మీద రంగురంగుల పడవ ఇళ్ళు ఉంటాయి, కొన్నింట్లో అతిథులకు గదులిస్తారు. బావమరిది ముచ్చటపడ్డాడు, అక్కడ టాయిలెట్ అంటే బకెట్టేనని తెలిసి ఊరుకున్నాడు. రాతి గుట్ట మీద పైలట్ల స్మారకం దాకా మెట్లెక్కితే సరస్సు, పడవలు, దిగుతున్న విమానాలు అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. పైసా ఖర్చు లేదు. ఆ పక్కనే రాగెడ్ యాస్ రోడ్ అని ఒక వీధి ఉంది, పేరు మా పిల్లలకు తెలుగులో చెప్పలేదు.

ఒక సంగతి ముందే తెలుసుకుని వెళ్ళండి. ఊళ్ళోని ఫ్రేమ్ లేక్ లాంటి చిన్న చెరువుల్లో చేపలు పట్టి తినొద్దని ఆరోగ్యశాఖ హెచ్చరిక ఉంది. 2004లో మూతపడిన జెయింట్ బంగారు గని పుణ్యమా అని ఆర్సెనిక్ అనే విషం చుట్టుపక్కలంతా దిగింది. ఇంకా 2,37,000 టన్నుల ఆర్సెనిక్ పొడి భూమి కిందే ఉంది. గాలం వెయ్యాలంటే కారు తీసుకుని ఇంగ్రహాం ట్రెయిల్ మీద బయటికి వెళ్ళాలి. 70 కిలోమీటర్ల దారి, దారి పొడవునా సరస్సులే. మేం ఒక పూట వెళ్ళి గడ్డి మొలిచిన నీళ్ళలో రెండు పైక్ చేపలు పట్టాం. దాని పళ్ళు చూస్తే వేలు పెట్టబుద్ధి కాదు. దారం చివర ఉక్కు తీగ లేకపోతే కొరికేసి పోతుంది.

అసలు ప్రయాణం ఎల్లోనైఫ్ నుంచి తూర్పుకు, గ్రేట్ స్లేవ్ సరస్సు తూర్పు పాయలోని ఒక లాడ్జికి. ఆ వైపు రోడ్డే లేదు, అందుకే ఆ చిన్న విమానం. మేం వెళ్ళింది లుట్సెల్ కే అనే ఊరి దాపుల్లోకి, అది డెనే అనే అక్కడి ఆదివాసీల ఊరు, ఎల్లోనైఫ్‌కి సుమారు 200 కిలోమీటర్లు. 2019 నుంచి ఆ ప్రాంతం చాలావరకు థైడెనే నెనే జాతీయ పార్కు రిజర్వు కింద ఉంది. నేను పుట్టింది కొల్లేరు గట్టున. నడుంలోతు నీళ్ళలో నిలబడి, వెదురు కర్రకు బెండు కట్టి, వానపాము గుచ్చి కొర్రమీను కోసం కాచుకున్నవాణ్ణి. ఈ పాయలో ఒకచోట లోతు 614 మీటర్లు, ఉత్తర అమెరికాలో ఇంత లోతైన సరస్సు ఇంకోటి లేదు. బోటులో కూర్చుంటే ఆ అంకె కడుపులో తెలుస్తుంది.

లాడ్జి గది మామూలే. చెక్క గోడలు, ఇనప పొయ్యి, వేడినీళ్ళు వస్తే వచ్చినట్టు. భోజనం బాగుంది. మా డబ్బుకు విలువ దక్కింది మాత్రం గైడ్ దగ్గర. డెనే మనిషి, అరవై దాటి ఉంటాయి. మొదటిరోజు మోటారు స్టార్ట్ చెయ్యకముందు జేబులోంచి చిటికెడు పొగాకు తీసి నీళ్ళలో వేశాడు. నీటికి ఇచ్చి కదలాలి, మావాళ్ళ పద్ధతి అన్నాడు. రైలు గోదావరి వంతెన ఎక్కగానే మా అమ్మ చిల్లర తీసేది. జేబులో పావు డాలరు ఉంటే నేనూ వేశాను. అతను నవ్వి, సరస్సును ఉద్దేశించి, "ఆమెకు డబ్బుతో ఏం పని" అన్నాడు.

లేక్ ట్రౌట్ అనే చేప మంచు కరిగిన కొత్తలో పైపైనే దొరుకుతుంది, ఎండ ముదిరేకొద్దీ లోతుకు దిగిపోతుంది. బోటు నెమ్మదిగా నడుపుతూ, వెనక తళతళలాడే రేకు ఎరను లాక్కుంటూ పోవడమే పని. రెండో రోజు ఉదయం నా రాడ్డు విల్లులా వంగింది. పావుగంట పెనుగులాడాక గట్టి చేప అని గైడ్ అంటుండగానే దారం చుట్టే రీలు పట్టేసింది, దారం తెగింది. సామగ్రి అంతా మేమే ఇస్తామని బుకింగ్‌లో రాశారు, ఇచ్చింది మాత్రం ఏళ్ళనాటి రీలు. మీకంటూ ఒక మంచి రీలు ఉంటే తప్పక తీసుకెళ్ళండి.

పెద్ద చేపల్ని ఎలాగూ వదిలెయ్యాలి. ఆ చల్లటి నీళ్ళలో చేప చాలా నెమ్మదిగా పెరుగుతుంది, పెద్ద ట్రౌట్ మన పిల్లలకంటే వయసులో పెద్దది కావచ్చు. వెనక్కి తిరిగిన ముల్లు లేని కొక్కేలే వాడనిస్తారు, చేపకు పెద్దగా గాయం కాదు. మధ్యాహ్నం భోజనానికి చిన్నది ఒకటి ఉంచుకున్నాం. గైడ్ తెడ్డును బండరాయి మీద పరిచి, దాని మీదే నాలుగు కోతల్లో ముల్లు మొత్తం తీసేశాడు. లోపల గుమ్మడిపండు రంగు మాంసం. అతను బంగాళాదుంపలతో పాటు నూనెలో వేయించాడు. రాత్రి వంటావిడను బతిమాలి మిగిలిన ముక్కలతో పులుసు పెట్టాం. నిజం చెప్పాలంటే పులుసుకు ట్రౌట్ పనికిరాదు, కొవ్వెక్కువ, ముక్క చెదిరిపోయింది. బావమరిది మాత్రం మూడుసార్లు అన్నం కలుపుకున్నాడు. గైడ్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, చాలాసేపు నీళ్ళు తాగాడు.

మూడో రోజు గాలి లేచింది. అలలు తెల్లగా విరుగుతుంటే బోటు తియ్యలేదు. రోజంతా పేకాట. నాలుగో రోజు విమానం రావాలి, రాలేదు. ఆ పూట గాలి తగలని ఒక ఏటి పాయకు నడిపించాడు గైడ్. అక్కడ పట్టిన గ్రేలింగ్ చేపలే నాకు ఈ ట్రిప్పులో బాగా నచ్చాయి. జానెడు పైచిలుకు చేప, వీపు మీద తెరచాప లాంటి రెక్క, నీళ్ళలోంచి తీసిన క్షణం దాని మీద ఊదా, నీలం చుక్కలు మెరుస్తాయి. కాసేపటికే ఆ రంగు తగ్గిపోతుంది, అందుకే చెయ్యి తడుపుకుని గబగబా వదిలేశాం. నల్లటి చిన్న ఈగలు మాత్రం ముఖం మీద వల లేకపోతే మనిషిని బతకనివ్వవు.

ఐదో రోజు బయటపడ్డాం. ఎడ్మంటన్ విమానం తప్పింది, కొత్త టికెట్లు, ఎల్లోనైఫ్‌లో ఇంకో రాత్రి మా జేబులోంచే. వాతావరణం ఎవరి చేతిలోనూ లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆలస్యమైతే ఖర్చు మీదేనని ముందు ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. మూడు రాత్రులకు వేల డాలర్లు పోసి వెళ్ళడం మా తప్పు. వెళితే కనీసం ఐదు రాత్రులు, తిరుగు టికెట్‌కి రెండు రోజులు ఎడంగా వేసుకోండి. అంత లేకపోతే ఎల్లోనైఫ్‌లోనే ఉండి, రోజుకొక గైడ్ బోటు మాట్లాడుకోవడం మేలు.

షెడ్డులో నా జీన్స్ ప్యాంట్లు వదిలిన చోటే ఉన్నాయి. బూట్లలో మాత్రం ఎవరో సిగరెట్ పీకలు వేశారు.