డిసెంబర్‌లో పట్టిన జిగురు మే నెలలో వదిలింది: క్రిస్మస్ అలంకరణకు గ్లూ గన్

ప్లాస్టిక్ కడ్డీని వేడికి కరిగించి జిగురు చుక్కలుగా వదిలే గ్లూ గన్ నాకు నచ్చడానికి కారణం ఒక్కటే, అది పట్టుకునే వేగం. జిగురు చుక్క పెట్టి, రెండు ముక్కలూ ఆనించి, ముప్పై లెక్కపెట్టేలోపు నిలబడిపోతాయి. ఫెవికాల్ అయితే బట్టల క్లిప్పు పెట్టి గంటసేపు ముట్టుకోకుండా ఉండాలి. కొత్త జంట మొదటి క్రిస్మస్‌కు ఇల్లు ముస్తాబు చేసుకునేటప్పుడు ఈ వేగం విలువ బాగా తెలుస్తుంది. పగలు ఉద్యోగాలు, సాయంత్రాలు సెమీ క్రిస్మస్ కూటాలు, క్యారల్ రౌండ్లు, మధ్యలో చుట్టాల ఇళ్లలో భోజనాలు. చేతిపనికి మిగిలేది రాత్రి భోజనం తర్వాత కాసేపే. ఆ కాసేపట్లో ఒక వస్తువు మొదలుపెట్టి పూర్తి చేసి గోడకు తగిలించడం గన్‌తోనే అవుతుంది.

గన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 20 వాట్లది, 7 మిల్లీమీటర్ల కడ్డీలు పట్టేది చాలు. అయిదు నిమిషాలు వేడెక్కనివ్వాలి, ఫ్యాన్ ఆపాలి. ఫ్యాన్ గాలికి జిగురు సాలెగూడు దారాల్లా సాగి అన్నిటికీ అంటుకుంటుంది. చుక్క పెట్టాక ముక్కును కొంచెం తిప్పి ఎత్తితే దారం తెగుతుంది. అయినా మిగిలితే హెయిర్ డ్రయర్ వేడిగాలి చూపిస్తే ముడుచుకుపోతాయి. పక్కన గిన్నెలో చల్లనీళ్లు పెట్టుకోండి, వేలికి అంటితే వెంటనే ముంచడానికి.

కొన్న బంతులు ఎవరి చెట్టు మీద చూసినా అవే. మొదటి క్రిస్మస్‌కు అందం తెచ్చేవి పెళ్లిలో మిగిలినవే: పంచగా మిగిలిన శుభలేఖలు, ముసుగు నెట్ ముక్కలు, చీర అంచు కత్తిరింపులు, గాజులు. శుభలేఖతో నక్షత్రం చేస్తే గన్ గొప్పతనం మొత్తం కనబడుతుంది. 12 సెంటీమీటర్ల చదరం కోసి, నిలువుగా, అడ్డంగా, రెండు మూలల నుంచి మడిచి విప్పండి. నాలుగు అంచుల మధ్య గీతల మీద, అంచు నుంచి లోపలికి 3 సెంటీమీటర్లు మాత్రమే కత్తిరించాలి. ఒక్కో మూలకు రెండు రెక్కలు వస్తాయి. వాటిని మూల గీత వైపు మడిచి ఒకదాని మీద ఒకటి వేసి అతికిస్తే నాలుగు మొనలు లేస్తాయి. ఇలాంటివి రెండు, వీపులు కలిపి, ఒకదాన్ని కొంచెం తిప్పి అతికిస్తే ఎనిమిది మొనల నక్షత్రం. జిగురు జొన్నగింజంత చాలు. ఎక్కువైతే కార్డు ఉబ్బుతుంది, రెక్క పక్క నుంచి కారి బంగారు రేకు ముద్రను పాడుచేస్తుంది. లోపలి కార్డు మీది పేర్లు, తేదీ ఒక మొన మీదకు వచ్చేలా ముందే చూసి కోసుకుంటే ఆ నక్షత్రం ఏటా చెట్టు కొసనే ఉంటుంది.

తలుపుకు గాజుల దండ ఇంకా అందంగా ఉంటుంది. 8 అంగుళాల ఎంబ్రాయిడరీ రింగు, 2-6 సైజు గాజులు పది. పదీ రింగు మీద వరుసగా పరిస్తే ఒకదాని అంచు ఇంకోదాన్ని తాకీ తాకనట్టు సరిగ్గా సరిపోతాయి. ఒక్కో గాజు రింగును రెండు చోట్ల దాటుతుంది కాబట్టి మొత్తం ఇరవై అతుకులు. గన్‌తో అరగంట పని. మధ్యలో చిన్న గంట, పైన శాటిన్ రిబ్బన్ ముడి. కింద సీరియల్ బల్బుల వెలుగు పడితే గాజులు మెరుస్తాయి. డిసెంబర్ మొత్తం ఒక్క అతుకూ కదల్లేదు. ఇంతవరకు చెప్పిన మెచ్చుకోలు ఆ డిసెంబర్ సంగతే.

తేడా ఎండాకాలంలో వచ్చింది. జనవరిలో అన్నీ అట్టపెట్టెలో సర్ది సజ్జ మీద పెడతాం, ఎవరింట్లోనైనా జరిగేదే. వరంగల్‌లో, ఆ పైన రామగుండం వైపు, మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పై అంతస్తు అయితే స్లాబు పగలంతా వేడిని తాగి రాత్రి ఇంట్లోకి వదులుతుంది. ఆ వేడి ముందు తగిలేది సజ్జకే. గ్లూ గన్ కడ్డీ ఎండితే గట్టిపడే జిగురు కాదు, కరిగించి చల్లార్చిన ప్లాస్టిక్. పూర్తిగా కరగడానికి చాలా వేడి కావాలి గానీ, మెత్తబడి బరువుకు సాగడానికి అంత అక్కర్లేదు. ఒక్క రోజు వేడికి ఏమీ కాదు. వారాల తరబడి అదే వేడిలో, అదే బరువు కింద ఉంటే మెల్లగా జారిపోతుంది.

మళ్లీ డిసెంబర్‌లో పెట్టె తెరిస్తే దండలో సగం గాజులు అడుగున విడిగా ఉన్నాయి. జిగురు బొట్టు రింగు మీదే ఉండిపోయి, గాజు మాత్రం శుభ్రంగా ఊడిపోయింది. నునుపు గాజు మీద జిగురు ఇంకడానికి చోటు లేదు, పైపైన అంటుకునే ఉంటుంది. పైగా డిసెంబర్ రాత్రి చలికి గాజు చల్లగా ఉంటే, చుక్క దాన్ని సరిగా పట్టేలోపే గడ్డకడుతుంది. చూడటానికి అతికినట్టే ఉంటుంది. ఇంకో నష్టం నన్ను ఎక్కువ బాధపెట్టింది: మెత్తబడిన బొట్లు పక్కనున్న నక్షత్రాలకు అంటుకుని, విడదీస్తే శుభలేఖ బంగారు ముద్ర ఊడొచ్చింది. గాజులు మళ్లీ కొనొచ్చు, ఆ కార్డు మళ్లీ దొరకదు. అదే పెట్టెలో కార్డుకు కార్డు అతికిన చోట మాత్రం ఒక్కటీ వదల్లేదు, ఎందుకంటే కాగితం పీచులోకి జిగురు దిగింది, మోసే బరువూ లేదు.

అందుకే ఇప్పుడు గన్‌ను బరువు మోయడానికి వాడట్లేదు, కదలకుండా పట్టుకోవడానికే వాడుతున్నాను. దండకైతే ముందు ఒక్కో గాజుకు సిల్క్ దారం గానీ చీర అంచు పీలిక గానీ దగ్గరగా చుట్టి, మొదలు, చివర ఫెవికాల్ పెట్టి ఆరనివ్వాలి. తర్వాత ఇరవై చోట్లా సన్న రాగి తీగతో గాజును రింగుకు రెండు చుట్లు కట్టి, కొసలు వెనక్కి మెలిపెట్టాలి. ఆ మెలిక మీద గన్ చుక్క. ఇప్పుడు జిగురు మెత్తబడినా బరువు తీగ మీదే ఉంటుంది. గాజు నునుపు మెరుపు అలాగే కావాలంటే అతికే చోట 120 నంబర్ ఎమరీ కాగితంతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, రెండు ట్యూబుల్లోదీ కలిపి వాడే అరాల్డైట్ జిగురు పెట్టి రాత్రంతా వదిలేయండి. ఇన్‌స్టంట్ గ్లూ జోలికి పోవద్దు, గాజు మీద తెల్లటి పొగమరక వదులుతుంది. ఈ పద్ధతిలో అరగంట పని రెండు సాయంత్రాలవుతుంది. నేను ముందు మెచ్చుకున్న వేగం దండ వరకు పోయినట్టే.

పెంబర్తి ఇత్తడి గంటలు, చిన్న దీపాలు కానుకగా వచ్చుంటే వాటికి గన్ అసలే వద్దు. ఇత్తడి వేడిని క్షణంలో లాగేసుకుంటుంది, చుక్క పట్టకముందే చల్లారుతుంది. సుతిలి దారంతో కట్టండి. నిర్మల్ బొమ్మలు పునికి కర్రవి, తేలిగ్గా ఉంటాయి, చెట్టు కొమ్మ సులువుగా మోస్తుంది. కానీ రంగు మీద వేడి జిగురు పెడితే తీసేటప్పుడు రంగు పొర లేచొస్తుంది. మెడకు రిబ్బన్ ముడి చాలు. చేర్యాల మాస్కులు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి చేస్తారు. నీళ్లు ఆరి గట్టిపడే రకం అది, ఎండకు భయపడదు. మన దగ్గరి ఎండ తెలిసినవాళ్లు ఎంచుకున్న జిగురు.

క్రీస్తు పుట్టుక చూపించే పశువుల పాక థర్మాకోల్‌తో కడితే ఎక్కువ వేడి గన్ దాన్ని కరిగించి గుంట చేస్తుంది. పాకకు ఫెవికాల్, టూత్‌పిక్‌లు మేలు. పైకప్పు గడ్డికి మాత్రం గన్ బాగా పనికొస్తుంది, గడ్డి గరుకు గనుక. సీరియల్ బల్బుల వైరును గోడకు గన్‌తో అంటించడం చాలామంది చేస్తారు. కిరాయి ఇంట్లో అయితే వద్దు, తీసేటప్పుడు డిస్టెంపర్ పెచ్చు ఊడి ఓనర్‌తో మాట పడాల్సి వస్తుంది. తలుపు చట్రం మీదో టైల్స్ మీదో పెట్టుకోవచ్చు. అక్కడ అంచుల్లో కొంచెం స్పిరిట్ పోసి నిమిషం ఆగితే గోటితో వచ్చేస్తుంది. గాజు మీద జిగురు నిలవకపోవడానికి కారణమైన నునుపే ఇక్కడ మేలు చేస్తుంది.

కొనమంటారా అంటే, మా ఇల్లు పై అంతస్తు, సజ్జ స్లాబుకు ఆనుకునే ఉంది, నా అభిప్రాయం అక్కడి నుంచి వచ్చింది. కింది అంతస్తులో ఉండి, పెట్టెను బీరువా అడుగున పెట్టుకునేవాళ్లకు ఇంత ఇబ్బంది ఉండకపోవచ్చు. ఈ ఒక్క ఏడాదికే అలంకరించి తీసేసేవాళ్లు గన్ తప్ప ఇంకేం కొననక్కర్లేదు. శుభలేఖ నక్షత్రాలను పిల్లలు పుట్టాక కూడా చెట్టుకు కట్టాలనుకునే జంట మాత్రం గన్‌తో పాటు ఒక చుట్ట రాగి తీగ, నూనె కాగితం కూడా తెచ్చుకోవాలి. ఒక్కో వస్తువును నూనె కాగితంలో విడిగా చుట్టి, జిగురున్న వైపు కిందికి రాకుండా సర్దండి. కడ్డీలు కూడా సజ్జ మీద వద్దు. అక్కడ మెత్తబడి వంగినవి గన్‌లోకి తిన్నగా వెళ్లవు.