1939 రూపాయి కొనబోయేవాళ్లు ముందు తూకం అడగండి

పాత నాణేలు పోగేసే మిత్రులందరికీ. మోసపోయాను. సిగ్గుగానే ఉంది కానీ చెప్పక తప్పదు.

ఆరో జార్జి బొమ్మ ఉన్న 1939 వెండి రూపాయి ఎంత అరుదో మనలో చాలామందికి తెలుసు. 91.7 శాతం వెండితో వచ్చిన రూపాయల్లో అదే ఆఖరుది. 1940 నుంచి వెండి సగానికి దిగిపోయింది. ఆన్‌లైన్‌లో ఒకాయన "తాతగారి ట్రంకుపెట్టెలో దొరికింది" అంటూ అమ్మకానికి పెట్టాడు. వీడియో కాల్‌లో అయస్కాంతం ఆనించి చూపించాడు, అంటుకోలేదు. 1938 రూపాయి మీద 8ని చెక్కి 9 చేస్తారని విన్నాను గనక ఆ అంకెను దగ్గరగా చూపించమన్నాను. ఎక్కడా గీత పడలేదు. డబ్బు పంపేశాను.

వచ్చాక త్రాసులో పెడితే 10.2 గ్రాములు! ఉండాల్సింది 11.66. మన పాత తులమంటే ఆ రూపాయి ఎత్తే కదా. ఫోన్ చేస్తే, "ఎనభై ఏళ్ల నాటిది సార్, అరిగిపోయి ఉంటుంది" అన్నాడు. అరిగితే ముందు పోయేది ఎత్తుగా ఉన్న భాగం, అంటే రాజుగారి కిరీటం, చెంప. ఇక్కడేమో కిరీటం మీది నగిషీ అంతా అలాగే ఉంది. బొమ్మ అరక్కుండా బరువొక్కటే అరుగుతుందా?

భూతద్దంతో చూశాను. ఖాళీ జాగాలో సూదిమొన గుంటలు. అంచు చుట్టూ ఆకురాయితో రుద్దిన సన్నని గీత, అక్కడ పళ్లు అరిగిపోయి ఉన్నాయి. టంకశాలలో నాణేన్ని అచ్చుతో గుద్దుతారు. ఇది కరిగించి పోసిన పోత సరుకు. నేనేమో ఒక్క అంకెను అనుమానించాను!

అయస్కాంతాన్ని నమ్మకండి. రాగి, ఇత్తడి, జర్మన్ సిల్వర్ కూడా దానికి అంటుకోవు. పైగా 1947 నాటి అసలు నికెల్ రూపాయి చక్కగా అంటుకుంటుంది.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. త్రాసు చూపించే అంకెతో నాణెం బరువును భాగిస్తే, ఈ వెండికి 10.3 దగ్గర రావాలి. నాది 8.6 వచ్చింది.

మాటల్లో "చింతపండుతో తోమండి సార్, మెరుస్తుంది" అని సలహా కూడా ఇచ్చాడు. నాణెం అసలుదైనా సరే, ఆ పని చేస్తే విలువ సగం పోయినట్టే. రాముడు, హనుమంతుడి బొమ్మలతో, 1818 అని, ఈస్ట్ ఇండియా కంపెనీ పేరుతో తిరిగే బిళ్లలకైతే ఇన్ని పరీక్షలు అక్కర్లేదు. కంపెనీ అలాంటివి వేయనే లేదు.

కొనేముందు త్రాసు మీద పెట్టిన ఫొటో, అంచు చుట్టూ తీసిన వీడియో అడగండి. నసిగితే వదిలేయండి. నా నంబరును అతను బ్లాక్ చేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేశాను, డబ్బు ఇంకా రాలేదు.

నిన్న మరో పేరుతో ప్రకటన కనిపించింది, అదే ట్రంకుపెట్టె ఫొటోతో. ఈసారి 1911 రూపాయి, అదే, రాజుగారి అంగీ మీది ఏనుగు పందిలా కనిపిస్తుందని గోల జరిగినది.