సిల్వర్టన్ రైలా, కంబ్రెస్ రైలా: ఒక్కటే ఎక్కగలిగితే ఏది మేలు?

కొలరాడో కొండల్లో ఇప్పుడు యాత్రికుల కోసం నడిచే రెండు పాత గనుల కాలపు రైళ్లివి, డెన్వర్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు వేసవి రాగానే ఈ మాట అడుగుతుంటారు. నేను డురాంగో–సిల్వర్టన్ రైలు రెండుసార్లు, కంబ్రెస్–టోల్టెక్ ఒకసారి ఎక్కాను. నా ఓటు కంబ్రెస్‌కే, కానీ అందరికీ అదే చెప్పను.

రెండూ ఒకే తల్లి పిల్లలు. 1870లో జనరల్ పామర్ మొదలుపెట్టిన డెన్వర్ అండ్ రియో గ్రాండే కంపెనీ వేసిన దారులే ఇవి. పట్టాల మధ్య మూడే అడుగులు, మన బ్రాడ్ గేజ్‌కైతే అయిదున్నర. ఇరుకు పట్టా అయితే మలుపులు బాగా తిరుగుతుంది, కొండను తక్కువ తవ్వితే చాలు, గనుల దాకా చవగ్గా చేరొచ్చు. అరకు రైల్లో సొరంగాలు లెక్కపెడుతూ పెరిగినవాణ్ని, అక్కడ యాభైకి పైనే ఉన్నాయి. కంబ్రెస్ దారిలో 64 మైళ్లకి రెండంటే రెండే, మిగతా అంతా కొండ ఎటు తిరిగితే పట్టా కూడా అటే.

సిల్వర్టన్ సంగతి. 1882 జూలైలో రైలు అక్కడికి చేరింది, దానికి ముందు ఖనిజం దిగాలన్నా బియ్యం, పప్పు ఎక్కాలన్నా కంచరగాడిదల మీదే. రైలొచ్చాక వెండి రాయి 45 మైళ్లు కిందికి దిగి డురాంగోలో కరిగేది, సిల్వర్టన్ నుంచి పై గనులకి ఇంకో మూడు చిన్న లైన్లు కూడా పడ్డాయి. ఇప్పుడు మీరు కూర్చునే పెట్టె సరిగ్గా ఆ దారినే వెళ్తుంది. హై లైన్ అనే చోట ఒకవైపు చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా రాతిగోడ, రెండోవైపు ఎక్కడో కింద ఆనిమస్ నది. మా అమ్మ ఆ పది నిమిషాలూ నా మోచెయ్యి వదల్లేదు. ఎప్పుడో మూతపడిన గోల్డ్ కింగ్ గనిలోంచి 2015 ఆగస్టులో దాదాపు 30 లక్షల గాలన్ల మురికి నీళ్లు తెగొచ్చి నారింజ రంగుకి తిరిగింది ఈ నదే. గనుల బతుకూ, గనుల శాపమూ రెండూ ఈ ఒక్క లోయలో కనిపిస్తాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే ఇదే సుఖం, దిగి తిరగడానికి నిజమైన గనుల ఊరు ఉంది. కాకపోతే జనం బాగా ఎక్కువ, సిల్వర్టన్ బజారు కూడా టూరిస్టుల కోసం సర్దినట్టే ఉంటుంది.

కంబ్రెస్ దారిలో అలాంటి ఊరు లేదు, డురాంగో వైపు సరుకు కంబ్రెస్ కనుమ దాటి అలమోసా ఊరికి వెళ్లేది, అంతే. కానీ రైలు అంటే ఏమిటో ఇక్కడే తెలుస్తుంది. న్యూ మెక్సికోలోని చామా నుంచి 10,015 అడుగుల కనుమ దాకా నూరు అడుగులకి నాలుగు అడుగుల ఎక్కుడు. గూడ్సు బండిని ఒక్క ఇంజన్ లాగలేక రెండు తగిలించేవారు, అదీ చాలకపోతే బండిని రెండు ముక్కలు చేసి ఒకదాని తర్వాత ఒకటి పైకి చేర్చేవారు. పైకప్పు లేని పెట్టెలో నిలబడితే ఆవిరి ఇంజన్ ఊపిరి ఒక్కొక్కటిగా వినిపిస్తుంది, మలుపు బిగిసేకొద్దీ ఆ చప్పుడు నెమ్మదిస్తుంది, ఆగిపోతుందేమో అని నాకు టెన్షన్ కూడా వచ్చింది. కంట్లో నలుసు పడుతుంది, కళ్లజోడు పెట్టుకోండి.

నేను కంబ్రెస్ అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. రాబడి బాగున్న లైన్లని కంపెనీ ముందే వెడల్పు చేసేసింది, 1893లో వెండి ధర కుప్పకూలాక ఈ మూల లైన్లు ఇరుకుగానే మిగిలిపోయాయి. 1960ల చివర్లో సరుకు రైళ్లు ఆగిపోతే, కొలరాడో, న్యూ మెక్సికో రాష్ట్రాలు రెండూ కలిసి 1970లో ఈ 64 మైళ్లని కొన్నాయి. అందుకే చామా యార్డులో చెక్కతో కట్టిన బొగ్గు టవరు, నీళ్ల ట్యాంకు ఇంకా ఉన్నచోటే ఉన్నాయి. రైలు బయల్దేరడానికి గంట ముందే వెళ్లి అక్కడ తిరగండి.

టికెట్ మాత్రం చామా నుంచి ఎక్కేలా తీసుకోండి. రెండో చివరన ఉన్న అంటోనిటో వైపు నుంచి ఎక్కుడు చాలా మెత్తన, అసలు కష్టమంతా చామా వైపే.