డబ్లిన్‌లో సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్: పార్కు పొద్దున్నే చూడండి, గది దూరంగా తీసుకోండి

ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో టికెట్ కొని చూసినవాటికన్నా నాకు ఎక్కువ నచ్చింది, ఊరి నడిబొడ్డున పైసా ఖర్చు లేకుండా తిరగగలిగే సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్. మొత్తం 22 ఎకరాలే. కాకపోతే వెళ్లే వేళ చూసుకోవాలి. ఎండ కాసిన మధ్యాహ్నమైతే చుట్టుపక్కల ఆఫీసులవాళ్లంతా లంచ్ పట్టుకుని అక్కడే ఉంటారు, బెంచీ దొరకదు, పైగా సీగల్స్ దొంగతనం! నా పక్కన కూర్చున్నావిడ చేతిలోంచి శాండ్‌విచ్ సగం ముక్క లాక్కుని ఎగిరిపోయింది ఒకటి.

పొద్దున్నే గేటు తీయగానే వెళ్తే పార్కులోని చెరువంతా మీ సొంతమే. నీళ్లు గ్రాండ్ కెనాల్ అనే కాలువ నుంచి వస్తాయి, బాతులూ హంసలూ భయం లేకుండా గట్టెక్కి మన కాళ్ల దగ్గరే తిరుగుతాయి. వాటికా ధీమా ఊరికే రాలేదేమో. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో ఐరిష్ సిటిజన్ ఆర్మీ అనే తిరుగుబాటు దళం ఈ పార్కులోనే కందకాలు తవ్వుకుంటే, ఎదురుగా ఉన్న షెల్బోర్న్ హోటల్ పైనుంచి బ్రిటిష్ సైన్యం మెషిన్‌గన్లు పేల్చింది. అంత పోరులోనూ పార్కు ఉద్యోగి బాతులకు మేత వేసి వెళ్లేదాకా రెండు పక్షాలూ కాల్పులు ఆపేవట. పార్కు మధ్యలో నిలబడి చుట్టూ ఉన్న ఎత్తైన భవనాలు చూస్తే, ఇక్కడ కందకాలు తవ్వాలన్న ఐడియా ఎవరిదిరా బాబూ అనిపిస్తుంది. గ్రాఫ్టన్ స్ట్రీట్ వైపు ఆర్చ్ మీద గుళ్లు తగిలిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

ఒకప్పుడు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఏడాదికో గినీ (పాత బ్రిటిష్ డబ్బు) కట్టి తాళంచెవి తీసుకుంటేనే లోపలికి ప్రవేశం. గిన్నిస్ బీరు కుటుంబానికి చెందిన లార్డ్ ఆర్డిలాన్ సొంత డబ్బు పెట్టి బాగు చేయిస్తే 1880లో అందరికీ తెరిచారు. చూపు లేనివాళ్ల కోసం వాసన మొక్కలతో, బ్రెయిలీ పలకలతో ఓ చిన్న తోట కూడా ఉంది, అది మాత్రం వదలకండి.

ఇక బస. పార్కు చుట్టూ హోటళ్ల రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. ‘పార్కు పక్కనే’ అని ఊరించిన ఓ హోటల్లో మాకిచ్చిన గది కిటికీ తెరిస్తే వెనక సందులో చెత్తడబ్బాలు. అంతకన్నా ఊరి శివారు డండ్రమ్ వైపు గది తీసుకుంటే లువాస్ గ్రీన్ లైన్ ట్రామ్ నేరుగా పార్కు దగ్గరే దింపుతుంది. ట్రామ్, బస్సు చార్జీలకు వాడే లీప్ కార్డుని ఎక్కే ముందు ప్లాట్‌ఫామ్ మీదే ట్యాప్ చేయాలి, దిగాక మళ్లీ చేయాలి.

జనం వద్దనుకుంటే కొద్ది నిమిషాల నడకలో ఐవీ గార్డెన్స్ అనే ఇంకో పార్కు ఉంది. దారి హార్‌కోర్ట్ స్ట్రీట్ పక్క సందులోంచి కాబట్టి చాలామంది కంట పడదు. గులాబీ తోట, ఫౌంటెన్లు, పొదలతో చేసిన చిక్కుదారి. పిల్లలుంటే గ్రీన్‌కి, చేతిలో పుస్తకముంటే ఐవీకి వెళ్లండి. రెండు చోట్లా చీకటి పడేసరికి గేట్లు వేసేస్తారు. డిసెంబరులో నాలుగింటికే పొద్దు గూకుతుంది కాబట్టి షాపింగ్ అయ్యాక చూద్దాంలే అనుకుంటే కుదరదు.